నూకాలు క్యారేజీ విప్పితే

ఈమధ్య చొక్కాలకు జేబులు కుట్టడం మానేశారు. ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో నాకు తెలియదు. దుకాణంలో అడిగితే "ఇప్పుడు ఇదే నడుస్తోంది సార్" అంటారు. ఈ లెక్కన గుండీలు కూడా మెల్లగా పోతాయేమోనని నా భయం. నలభై దాటిన మగవాడికి చొక్కా జేబు అలంకారం కాదు, కళ్ళజోడుకు సొంత ఇల్లు. ఆ ఇల్లు పోయాక నా కళ్ళజోడు చొక్కా మెడ దగ్గర మొదటి గుండీకి వేలాడుతూ అద్దెకు కాపురం ఉంటోంది.

అలాంటి చొక్కా వేసుకుని నేను అనంతపురం నుంచి రాజమండ్రి వెళ్ళాను. వెళ్ళిన పని, ఇంకా విడుదల కాని ఒక కంప్యూటర్ ఆటను ముందుగా ఆడి చూడటం. కాలేజీలో కామర్సు చెప్పగా మిగిలిన సమయంలో నేను ఒక వెబ్ పత్రికకు ఆటల గురించి రాస్తుంటాను. ఈ ఆట పేరు ‘గెడ’. పడవను తోయడానికి వాడే పొడవాటి వెదురు కర్రను అక్కడ గెడ అంటారు. ఆటలో ఆయుధం అదే. తయారుచేస్తున్నవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు, అదీ కోనసీమలో ఒక పల్లెలో ఉండి. "ఫైటింగు ఎలా ఉంది, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, మొదటి చూపులో ఏమనిపించింది, అంతే రాయండి" అన్నాడు మా సంపాదకుడు. అంతే రాద్దామనుకునే బయలుదేరాను.

రాజమండ్రి

ఆటలో సగం గోదావరే అని విన్నాను కాబట్టి, ముందు అసలుదాన్ని చూద్దామని రైలు దిగి నేరుగా రేవుకు వెళ్ళాను. నేను పుట్టిన జిల్లాలో నది అంటే ఇసుక. మా పెన్నలో నీళ్ళొస్తే పేపర్లో ఫొటో వేస్తారు. ఇక్కడ అవతలి ఒడ్డు కనబడీ కనబడనట్టుంది. వరద తీసిందన్నారు గాని నీళ్ళింకా పల్చటి బెల్లం పాకం రంగులోనే ఉన్నాయి. అంత నీటిని ఎవరూ చూడటం లేదు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

ఎంత లోతుందో చూద్దామని చివరి మెట్టు మీద వంగాను. కళ్ళజోడు అద్దె ఇల్లు ఖాళీ చేసింది.

పక్కనే స్నానం చేసి తల తుడుచుకుంటున్న పెద్దాయన ఇదంతా చూశాడు.

"కళ్ళజోడు పడిపోయిందండి" అన్నాడు.

"అవునండి."

"అక్కడ లోతండి."

"అలాగాండి."

"కొత్తదాండి?"

"పాతదేనండి."

"అయితే పర్వాలేదు లెండి" అని నా తరఫున సర్దుకుని, తల తుడుచుకోవడం కొనసాగించాడు. మా ఊళ్ళో అయితే ముందు "కండ్లు యాడ పెట్టుకున్న్యావ్" అని ఒక మాట అని, ఆ తర్వాత దూకి వెతుకుతారు. దూకడానికి నీళ్ళుండవన్నది వేరే విషయం. ఇక్కడ ఎవరూ తిట్టలేదు, ఎవరూ దూకలేదు. అయినా ఆ మర్యాదకు నష్టం సగానికి తగ్గినట్టనిపించింది.

దగ్గరి చూపుకు తప్ప నాకు కళ్ళజోడుతో పనిలేదు. కళ్ళద్దాల షాపులు ఇంకా తెరవలేదు. ఆట చూసేది పెద్ద తెర మీదే కదా అని ధైర్యం చెప్పుకుని టిఫినుకు వెళ్ళాను. పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. మా వైపు ఆ డబ్బుకు ఉగ్గాని, బజ్జీ తిని, టీ తాగి, పక్కవాడికి కూడా ఇప్పించవచ్చు. కాకపోతే ఈ అట్టు కంచం దాటి బయటకు వేలాడుతోంది కాబట్టి ఫిర్యాదు లేదు. కారం కావాలంటే అల్లప్పచ్చడి తెచ్చారు. అది తియ్యగా ఉంది. ఇంకాస్త కారంగా ఏమైనా ఉందా అని అడిగాను. "అదే కారమండి" అన్నాడు వడ్డించే కుర్రాడు, నా ఆరోగ్యం గురించి కాస్త ఆందోళనగా.

ఆత్రేయపురం దారి

బ్యారేజీ దాటాక బస్సు కాలవ గట్టు రోడ్డు ఎక్కింది. కొంత దూరం పోయి ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు నిండా బాతులు. కొన్ని వందలుంటాయి. వాటి వెనక కర్ర పట్టుకుని ఒకాయన. ఆయనకు తొందర లేదు, బాతులకు అసలే లేదు. డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజను ఆపి, వాళ్ళమ్మాయికి ఏ కాలేజీలో సీటొచ్చిందో కండక్టరుకు చెప్పడం మొదలుపెట్టాడు. మా వైపు గొర్రెల మంద అడ్డం వస్తే డ్రైవరుకూ కాపరికీ మధ్య మూడు తరాల వంశచరిత్ర నడుస్తుంది. ఇక్కడ కాలేజీ విషయం తేలేసరికి రోడ్డు ఖాళీ అయింది.

ఆత్రేయపురంలో దిగి పూతరేకులు వేయడం చూశాను. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి అలా లాగితే పొర వస్తుంది. వేస్తున్నావిడ నన్ను చూడకుండానే పది పొరలు తీసింది.

"నేనొకటి వెయ్యనాండి?" అన్నాను.

"చెయ్యి కాలుద్దండి. కొనుక్కోండి."

రెండొందలిచ్చి ఒక డబ్బా కొన్నాను. మళ్ళీ బస్సెక్కి, ఒకటి తీసి కొరికాను. రుచి మరీ సూక్ష్మంగా ఉంది. ఇంత పేరున్న మిఠాయి ఇదేనా అనుకుంటూ సగం నమిలాను. పక్క సీటాయన కొంతసేపు మొహమాటపడి, ఇక ఉండబట్టలేక, "కాగితం తియ్యాలండి" అన్నాడు.

కళ్ళజోడు అవసరం ఎంతుందో అప్పుడు తెలిసింది. కాగితం తీశాక బాగుంది.

రావులపాలెం

రావులపాలెంలో నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినాయన పేరు సత్తిబాబు గారు. అరటి మార్కెట్లో వ్యాపారం. ఆట తయారుచేస్తున్న సౌజన్యకు బాబాయి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకున్నాడు. జేబుంది. ఆ జేబులో పెన్ను కూడా ఉంది.

మార్కెట్లో ఎటు చూసినా గెలలే. లారీల్లో నిలబెట్టినవి, నేల మీద వరసగా పడుకోబెట్టినవి. మా వైపు అరటిపండును అరటిపండు అంటారు. ఇక్కడ ప్రతిదానికీ పేరుంది. చక్కెరకేళీ, కర్పూర, అమృతపాణి, బొంత. ఒక్కొక్కటీ తినిపించి ఎలా ఉందో చెప్పమన్నాడాయన. నాలుగోదానికి నా దగ్గర విశేషణాలు అయిపోయాయి. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, ఒడిలో ఒక అరటిపళ్ళ అత్తం పెట్టి, బయలుదేరదీశాడు.

కొంత దూరం పోయాక అర్థమైంది, నాకు జరుగుతున్నది మగపెళ్ళివారి మర్యాద అని.

"పిల్ల చాలా కష్టపడిందండి" అన్నాడు, ఆట గురించే. "మీరు చూడండి. నచ్చిందా, సరే. నచ్చలేదనుకోండి, దాని మొహం మీద చెప్పకండి. నాకు చెప్పండి. నేను మెల్లగా చెప్పుకుంటాను."

"నేను నిర్ణయించేదేమీ లేదండి. చూసి రాయడమే."

"ఆయ్, తెలుసండి. నిర్ణయించేది బెంగుళూరు కంపెనీవాళ్ళు. సోమవారం వాళ్ళ కంపెనీ ఆవిడెవరో ఫోన్లోనే చూసేస్తారంట. సరేనంటే ఆట పూర్తి చెయ్యడానికి ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారు. కాదంటే వీళ్ళిద్దరూ అద్దె మేడ ఖాళీ చేసి మళ్ళీ హైదరాబాదులో ఎవరి ఉద్యోగానికి వాళ్ళు. మూడేళ్ళ పని అండి. సగంలో ఆగిపోద్ది."

"మీరు ఆడారా అండి?"

"ఊళ్ళో అందరం ఆడామండి. అచ్చం ఏటి మధ్య మన లంకల్లాగే ఉంది. మా చేను ఎక్కడుందో వెతికాను. దొరకలేదు గాని, మా తోడల్లుడి చేను ఉందండి. గట్టుతో సహా."

"ఫైటింగు ఎలా ఉందండి?"

ఆయన బండి కాస్త నెమ్మది చేసి, తల సగం వెనక్కి తిప్పాడు. "ఫైటింగుందాండి?"

మేడ మీద

ఊరి పేరు రాయవద్దన్నారు. చూడటానికి జనం వస్తే అందరికీ కాఫీ పెట్టాల్సి వస్తుందని ఇంటావిడ అభ్యంతరం. ఆవిడ విజయమ్మ గారు, చర్చి బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊరందరికీ టీచరుగారు. మేడ మీద గది అద్దెకిచ్చింది ఆవిడే. సౌజన్య ఆవిడ పాత విద్యార్థి. హైదరాబాదులో ఒక ఆటల కంపెనీలో బొమ్మలు గీసే పని వదిలి వచ్చింది. ఈ ఆటలో కంటికి కనబడేదంతా ఆమె పని. రెండోవాడు ఏలియా, టీచరుగారి తమ్ముడి కొడుకు. కొట్లాట అంతా అతను రాసిన ప్రోగ్రామే. మనిషి చూస్తే చీమను కూడా పక్కకు తప్పుకోమని అడిగి అడుగు వేసేలా ఉంటాడు.

మర్నాడు, శనివారం పొద్దున, కంట్రోలర్ చేతికిచ్చారు. నేననుకున్నట్టు పెద్ద తెర కాదు, మొహానికి మూరెడు దూరంలో బల్ల మీది కంప్యూటర్ తెర వెలిగింది. నాకు రంగులు తప్ప ఇంకేమీ కనబడలేదు. జరిగింది చెప్పక తప్పలేదు. టీచరుగారు తన కళ్ళజోడు తీసి ఇచ్చారు. దానికి మెడలో వేసుకునే దారం ఉంది. వేసుకున్నాను. కాబట్టి గ్రాఫిక్స్ గురించి ఇక్కడి నుంచి నేను రాసేదంతా విజయమ్మ గారి కళ్ళజోడు సాక్షిగా అని పాఠకులు గమనించాలి.

కథ చిన్నది. వరద రోజులు. ఏటి మధ్య లంక గ్రామాలకు దారులు తెగిపోయాయి. ఇదే అదనుగా ఇసుక దొంగలు పడవల్లో దిగారు. నూకాలు అనే పడవ నడిపే ఆవిడ వాళ్ళను ఒక్కో లంకలోంచీ తరిమేయాలి. చేతిలో గెడ, నడుముకు టిఫిన్ క్యారేజీ.

ముందు కంటికి కనబడేది చెబుతాను. నీళ్ళ గురించి మాట్లాడే అర్హత మా జిల్లావాడికి లేదు, అయినా రాజమండ్రిలో నేను చూసిన రంగే ఇది. ఇలాంటి ఆటల్లో నీళ్ళు ఎప్పుడూ స్విమ్మింగ్ పూల్లోంచి తెచ్చినట్టు నీలంగా ఉంటాయి. ఇక్కడ ఎర్రగా, బరువుగా, పైన నురగ తేలుతూ వస్తాయి. గెడ దించితే నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క ఆకు పక్కకు జరుగుతుంది, తీస్తే మళ్ళీ మూసుకుంటుంది. గెడ ఎంతవరకు మునిగిందో అంతవరకే తడి. నూకాలు కాళ్ళ మీది బురద ఎండలో నిలబడితే తెల్లబడి పగుళ్ళు తేలుతుంది. బాగా లేనిదేమిటంటే, బాతులు వచ్చాయంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. ఒక్కో బాతుకూ ఈకలు విడివిడిగా గీశానని సౌజన్య చెప్పింది. ఎందుకండీ అంటే, "బాతుకి ఈకలుంటాయి కదండీ" అంది.

ఇక కొట్లాట. మామూలు దెబ్బ, బరువు దెబ్బ, రెండే. కానీ బరువుగా కొట్టి గురి తప్పితే గెడ బురదలో దిగబడుతుంది. దాన్ని పీకే లోపల ఎదుటివాడు పారతో వీపు మీద వాయిస్తాడు. ఇంకో సంగతి, దిగబడిన గెడనే పట్టుకుని ఎగిరి అవతలికి దూకవచ్చు కూడా. అంటే మన తప్పే మనకు రెక్క. ఇలాంటి ఆటలు చాలా ఆడాను గాని దెబ్బకు ఇంత బరువు చూడలేదు. తగిలితే కంట్రోలర్‌లో కాదు, మోచేతిలో తెలుస్తుంది. ఒక్క లోపం, దొంగలు "తల పగిలిపోద్దండి, తప్పుకోండి" అంటూ కొడుతున్నారు. గొంతు ఇచ్చినాయన ఆడమనిషి మీద అండీ లేకుండా అరవలేకపోయాడట.

నేను తొందరగానే చావు దాకా వెళ్ళాను. నలుగురు చుట్టుముట్టారు.

"క్యారేజీ విప్పండి" అన్నాడు ఏలియా. "తింటే ఓపిక వస్తుంది."

బటన్ నొక్కాను. నూకాలు గట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పింది. నలుగురు దొంగలూ పారలు దించేశారు. ఒకడు తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. ఒకడు, తినేవాళ్ళ కంచంలోకి చూడకూడదన్నట్టు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నూకాలు నెమ్మదిగా తింది. కాలవలో చెయ్యి కడుక్కుంది. చెయ్యి తుడుచుకున్నాక పారలు మళ్ళీ లేచాయి.

"ఇదేంటండి?" అన్నాను.

"అన్నం తినేవాళ్ళని కొట్టరు కదండీ" అన్నాడు ఏలియా.

సౌజన్య నుదురు కొట్టుకుంది. "ఇదేనండీ గొడవ. బెంగుళూరు వాళ్ళకి ముందు ఒక వీడియో పంపాం. ‘శత్రువులు మధ్యలో ఆగిపోతున్నారు, ప్రోగ్రాంలో తప్పున్నట్టుంది, సోమవారానికి సరిచేయండి’ అని మెయిల్ పెట్టారు. తీసెయ్యరా అంటే వీడు వినడు."

"తప్పు కాదుగా మరి" అన్నాడు ఏలియా.

"వాళ్ళకి తప్పులాగే ఉంది. చూసేది వాళ్ళు."

వీళ్ళు వాదించుకుంటుండగా నేను మళ్ళీ కొట్లాటలో దిగి, మళ్ళీ చావు దాకా వచ్చి, మళ్ళీ క్యారేజీ విప్పాను. దొంగలు పారలు దించారు. వాడు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. ఆటల గురించి రాసేవాడికి ఇలాంటి సందేహాలు రావడమే వృత్తి. తింటూ ఉండగానే బరువు దెబ్బ బటన్ నొక్కాను.

నూకాలు కూర్చున్నచోటి నుంచే గెడ తిప్పింది. మొహం తిప్పుకున్నవాడు కాలవలో పడ్డాడు. మిగతా ముగ్గురూ పారలు దించే ఉన్నారు. వరసగా కొట్టాను. లంక ఖాళీ అయింది. తెర మీద గెలుపు అని పడింది. నేను కాస్త గర్వంగానే వెనక్కి తిరిగాను.

 కాఫీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన టీచరుగారు గుమ్మంలో నిలబడిపోయారు. ఏలియా లేచి తెర దగ్గరకు వెళ్ళి కాలవలో పడ్డవాణ్ణి చూశాడు.

"ఇలా... ఇప్పటిదాకా ఎవరూ చెయ్యలేదండి" అన్నాడు.

"ఎవరూనా? ఊరంతా ఆడిందన్నారు?"

"ఆడారండి. కొట్లాట దాకా వచ్చినవాళ్ళు కూడా తినేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు కొట్టారు. పాస్టరుగారు కూడా."

"తినేటప్పుడు కొట్టే బటన్ పనిచెయ్యకుండా ఆపలేదా నువ్వు?" అంది సౌజన్య.

"ఎందుకాపాలి? ఎవరు కొడతారనుకుంటాం?"

నేను వాళ్ళకు లోకజ్ఞానం కలిగించాలనుకున్నాను. "ఎవరైనా కొడతారండి. ఆట అన్నాక సందు దొరికితే అందరూ దూరతారు. సోమవారం ఆ బెంగళూరావిడ మొదటి ఐదు నిమిషాల్లో ఇదే చేస్తుంది. కొట్లాట మొత్తం నవ్వులాటైపోతుంది."

సౌజన్య కుర్చీలో కూలబడింది. "విన్నావా? తీసేద్దాం, ఏలియా. అసలు ఆగకుండా చేసేద్దాం."

ఏలియా వినలేదు. అలాగని వాదించనూ లేదు. కిందికి వెళ్ళి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

భోజనం

చింతచిగురు వేసిన రొయ్యలు, పప్పు, కొత్త ఆవకాయ, గడ్డపెరుగు. టీచరుగారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. మా ఇంట్లో ప్రార్థన ఉండదు, అన్నంలోకి వేళ్ళు దిగే వేగమే భక్తి. ఇక్కడ అందరి చేతులూ ఆగాయి కాబట్టి నేనూ ఆపాను.

నాకు అందరికంటే ఎక్కువే వడ్డించారు. కానీ నేను కంచం ముందు కూర్చోగానే ఆవిడ ఏలియాతో, "కాస్త దూరంగా జరుగు నాన్నా. ఆయన తింటూ కొడతారు" అన్నారు.

నేను నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే అని కాస్త ఆలస్యంగా గమనించాను.

"ఆట కదండీ" అన్నాను.

"ఆటే లెండి. పులుపు సరిపోయిందాండి?"

సౌజన్య ముద్ద కలుపుతూ ఆగింది. "టీచర్‌గారూ, నిజం చెప్పండి. ఎవరైనా అలా నిజంగా చేశాడనుకోండి. మీరు మళ్ళీ వాడికి అన్నం పెడతారా?"

"ఇవాళ పెట్టాను. వండేశాను కాబట్టి" అన్నారు టీచరుగారు. "రేపటి సంగతి ఆలోచించాలి."

సౌజన్య ఏలియా వైపు చూసింది. ఏలియా సౌజన్య వైపు చూశాడు. క్యారేజీలో అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకప్పుడు గుర్తొచ్చింది. ఆటలో ప్రతి లంకలోనూ ఎవరో ఒక ఇంటివాళ్ళు నూకాలుకు క్యారేజీ నింపి ఇస్తారు.

"బటన్ ఆపొద్దు" అంది సౌజన్య. "కొట్టనీ. కొడితే ఇక ఎవరూ ఆగరు. ఏ ఇంట్లోనూ అన్నం పెట్టరు."

"అన్ని లంకల్లోనూనా?" అన్నాడు ఏలియా.

"కబురు ఎంతలో పాకుద్ది, దానికి ఏరు అడ్డమా?"

ఏలియా పెరుగన్నం కూడా తినకుండా లేచాడు. అది ఆ ఇంట్లో మునుపెన్నడూ జరగలేదని టీచరుగారు తర్వాత చెప్పారు.

ఆదివారం

కబురు ఎంతలో పాకుతుందో నాకు పొద్దున్నే తెలిసింది. మేడ మీద వాళ్ళిద్దరూ పనిలో ఉన్నారు కాబట్టి టీచరుగారితో నేను చర్చికి వెళ్ళాను. మా ఊళ్ళో గుడికి వెళితే ముందు చెప్పులు ఎక్కడ దాచాలో చూసుకుంటాం. ఇక్కడ మెట్ల దగ్గర చెప్పులన్నీ వరసగా పెట్టి ఉన్నాయి, దిగేటప్పుడు వేసుకోవడానికి వీలుగా ఎవరో ముందుకు తిప్పి కూడా పెట్టారు. పాటలు బాగా పాడారు. నాకిచ్చిన పాటల పుస్తకం టీచరుగారి కళ్ళజోడుతో చదివాను, ఆవిడ చూడకుండానే పాడారు.

ఆరాధన అయ్యాక వరండాలో అందరూ నా వైపు మర్యాదగా చూస్తున్నారు. "ఆయనేనంట" అన్న మాట రెండుసార్లు వినబడింది. చివరికి చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరకొచ్చాడు.

"అనంతపురం నుంచాండి?"

"అవునండి."

"తింటా ఉంటే కొట్టేశారంటండి?"

"ఆటలోనండి."

"ఆయ్, ఆటలోనే లెండి" అని, నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, వెళ్ళిపోయాడు. అది ఓదార్పో, పరీక్షో తెలియలేదు.

సాయంత్రానికి కొత్త డెమో సిద్ధమైంది. నేనే ఆడాలన్నారు. ఈ పనికి ఊళ్ళో ఇంకెవరూ పనికిరారని ఏలియా చాలా వినయంగా చెప్పాడు. క్యారేజీ విప్పి, దొంగలు పారలు దించగానే కొట్టాను. పడ్డారు. ముందులాగే గెలిచాను. తర్వాతి లంకలో మళ్ళీ దెబ్బలు తిని క్యారేజీ విప్పితే ఈసారి ఎవరూ ఆగలేదు. ముద్ద నోటి దగ్గరకు వెళ్ళేలోపే వీపు మీద పార పడింది. క్యారేజీ బురదలో బోర్లాపడింది.

ఇళ్ళ దగ్గరకు వెళ్ళి తలుపు కొట్టాను. "అన్నం అయిపోయిందండి." పక్కింట్లో, "ఇంకా పొయ్యి వెలిగించలేదండి." మూడో ఇంట్లో లోపల పోపు చిటపటలాడుతున్న శబ్దం స్పష్టంగా వినబడుతుండగా, "ఇవాళ మేం వండుకోలేదండి." అన్ని గొంతులూ ఒకేలా ఉన్నాయి. తిరిగి చూశాను. టీచరుగారు గోడకు ఆనుకుని అమాయకంగా నిలబడ్డారు.

నాలుగు లంకలు తిరిగాను. ఎక్కడా తిండి లేదు. చచ్చిపోయాను. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ చచ్చిపోయాను. కొట్లాట ఎప్పటిలాగే బాగుంది, కానీ ఆకలితో చేయడం కష్టం. "వీళ్ళ కోపం పోగొట్టే దారి ఏదైనా పెట్టారా?" అని అడిగాను.

"ఇంకా ఆలోచించలేదండి" అన్నాడు ఏలియా.

నేనైతే సంతోషించాను. "రేపు ఆవిడ కొట్టనీయండి. కొట్టాక అసలు సంగతి తెలుస్తుంది. ఆట అక్కడే గెలుస్తుంది" అన్నాను. సౌజన్య గోళ్ళు కొరుక్కుంటూ తలూపింది. వాళ్ళ ఆశంతా ఇప్పుడు ఆ ఒక్క దెబ్బ మీద ఉంది.

సోమవారం

కంపెనీ ఆవిడ పేరు మేఘన. ముప్పై లోపే ఉంటుంది. తెలుగు రాదు, ఇంగ్లీషులో అన్నదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను. ఆమె బెంగళూరులో కూర్చుని ఆడుతుంటే ఆ ఆట ఇక్కడ మా తెర మీద కనబడుతోంది, మూలన చిన్న చతురస్రంలో ఆమె మొహం. సత్తిబాబు గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, చతురస్రంలో తాను పడకుండా తలుపు వెనక నిలబడ్డాడు. ఏలియా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. 

మేఘన నీళ్ళను చాలాసేపు చూసింది.  కొట్లాట మొదలైంది. గెడ దిగబడింది, దెబ్బలు తింది. మళ్ళీ దిగబడింది, మళ్ళీ తింది. మూడోసారికి గెడ పట్టుకుని ఎగరడం దానంతటదే తెలిసింది. "ఓ" అంది. బాతులు వచ్చాయి, బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఆమె ఏదో రాసుకుంది. సౌజన్య కళ్ళు మూసుకుంది.

నలుగురు చుట్టుముట్టారు. మేఘన క్యారేజీ విప్పింది. పారలు దిగాయి. వాడు మొహం తిప్పుకున్నాడు.

"ఇప్పుడు కొడుతుంది" అన్నాను నేను మెల్లగా.

మేఘన కదల్లేదు. తెర దగ్గరకు వంగింది. "వీళ్ళు ఆగారేంటి?" అంది. సౌజన్య నోరు తెరిచి, నేను చెయ్యెత్తితే మూసుకుంది. చెప్పకూడదు, ఆమె అంతట ఆమే కొట్టాలి.

నూకాలు తింది. చెయ్యి కడుక్కుంది. తుడుచుకుంది. పారలు లేచాయి. మేఘన అప్పుడు కొట్టింది, ఇద్దరిని పడగొట్టి ఓడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ క్యారేజీ విప్పింది. నేను మళ్ళీ "ఇప్పుడు" అన్నాను. ఆమె మళ్ళీ తినేదాకా ఆగింది. ఈసారి వాడు మొహం తిప్పుకోవడం చూసి నవ్వింది కూడా. అలా గెలిచేదాకా ఆడింది. తింటూ ఉండగా ఒక్కసారి కూడా బటన్ మీద వేలు పెట్టలేదు. వాళ్ళిద్దరూ శనివారం నుంచి చేసిన పనంతా ఆమె కంట పడనే లేదు.

"బాతుల సంగతి చూడాలి" అంది చివర్లో. "ఆగిపోవడాన్ని సరిచేయమని మేమే రాశాం కదా. అది వద్దు. అలాగే ఉంచండి. వాడు అటు తిరగడం నాకు నచ్చింది. కాగితాలు ఈ వారంలో పంపుతాను."

చతురస్రం ఆరిపోయింది. సత్తిబాబు గారు తలుపు వెనక నుంచి వచ్చి, "ఏంటంటారు, సరేనన్నట్టేనా?" అన్నాడు. సౌజన్య ఏడుస్తూ తలూపింది. ఏలియా లేచి, ఏం చేయాలో తెలియక, ఫ్యాను స్పీడు పెంచాడు.

"ఆవిడ మంచావిడ కాబట్టి సరిపోయింది" అన్నాను నేను, అందరికీ వినబడేలా. "అదృష్టం."

టీచరుగారు ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటే పళ్ళెంలో పెట్టుకుంటున్నారు. నా గ్లాసు దగ్గర ఆగారు.

"అందరూ కొడతారన్నారు కదండీ" అన్నారు. "మీరొక్కరే కొట్టారు."